హైఫన్ లేని నీళ్లు

ఇంగ్లిషువాళ్లు ఈ దేశానికి ఇచ్చిపోయిన వాటన్నిటిలోకీ గొప్పది ఏదంటే మీరు రైలు అంటారు. కొందరు టీ అంటారు. క్రికెట్ అనేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. నేను మాత్రం హైఫన్ అంటాను.

నవ్వకండి. రెండు మాటల మధ్య అడ్డంగా గీసే ఆ చిన్న గీత గురించే చెబుతున్నాను.

దాన్ని ఒక న్యూసెన్స్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కడ పెట్టాలో తెలియదు, ఎక్కడ తీసేయాలో తెలియదు. పార్ట్-టైమ్ ఉద్యోగానికి ఉంటుందట, ఫుట్‌బాల్‌కు ఉండదట, బస్ స్టాండ్‌కు అసలే వద్దట. ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఇంగ్లిషు మాటలు మొదట వేరు వేరు ఇళ్లలో ఉంటాయి. కొన్నాళ్లకు నడిమి గోడకు కిటికీ పెట్టుకుంటాయి. అదే హైఫన్. ఇంకొన్నాళ్లకు గోడ పడగొట్టి ఒకే ఇంట్లో కాపురం పెడతాయి. మన ఊళ్లలో అన్నదమ్ములు ఇదే పని చివరి నుంచి మొదటికి చేస్తారు. అందుకే మనకు అర్థం కాదు.

కానీ హైఫన్ వల్ల ఒక ఊరికి ఎంత మేలు జరగగలదో మీకు తెలియదు. తెలియాలంటే కుందుర్పి వైపు పోయే బస్సెక్కి, నల్లబండపల్లి దగ్గర దిగాలి. బస్సు ఆగాక లేచిన దుమ్ము సద్దుమణిగేదాకా ఊరు కనిపించదు. తర్వాత కూడా పెద్దగా కనిపించదు. ఎండిన వేరుశనగ చేలు, బండరాళ్లు, వాటి మధ్యలో ఇళ్లు.

ఆ ఇళ్లలో ఒకటి సునందది. మొగుడు బెంగుళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త చెన్నమ్మ, మూడేళ్ల కూతురు త్రివేణి.

సునందకు హైఫన్ కొత్త కాదు. రాయదుర్గం జీన్స్ యూనిట్ల నుంచి ప్యాంట్ల కట్టలు బస్సు మీద వస్తాయి. ఆమె మిషన్ ముందు కూర్చుని, నడుము పట్టీ లోపల లేబుల్ కుట్టి, మళ్లీ బస్సుకే వేస్తుంది. లేబుల్ మీద 'ప్రీ-వాష్డ్' అని ఉంటుంది. తొడుక్కోవడానికి ముందే ఉతికారని దాని అర్థం. ఎంత మర్యాద చూడండి! ఊళ్లో మనుషులకు ఒళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఉన్నా లేకపోయినా, పట్నం పోయే ప్యాంటుకు ముందుగానే స్నానం చేయిస్తారు. నడుమ ఆ గీత లేకపోతే దానికి ఇంత గౌరవం దక్కేదా?

సునంద తక్కువ మాట్లాడుతుంది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. కొత్తవాళ్లు సిగ్గు అనుకుంటారు. అది సిగ్గు కాదు, నీళ్లు. ఆ ఊరి పాత బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పుట్టినప్పటి నుంచి అవే తాగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. సునందకు ముందు పళ్లన్నిటి మీదా అడ్డంగా ఒక్కో చిన్న గీత ఉంది. సరిగ్గా హైఫన్ అంత.

పళ్ల తర్వాత ఆ నీళ్లు ఎముకలకు పోతాయి. చెన్నమ్మకు ఎప్పుడో పోయాయి. నడుము వంగిపోయి, నేల చూస్తూ నడుస్తుంది. ఎదురుగా వచ్చినవాళ్లను చెప్పులను బట్టి గుర్తుపడుతుంది.

త్రివేణి నోట్లో మాత్రం ఇంకా పాలపళ్లే. బియ్యపు గింజల్లా తెల్లగా ఉంటాయి. నోరంతా తెరిచి నవ్వుతుంది. ఇంటికి వచ్చిన ఆసుపత్రి నర్సమ్మ ఆ నవ్వు చూసి ముచ్చటపడి, వెంటనే సునందను పక్కకు పిలిచింది.

"ఇవి రాలిపోయే పళ్లు సునందా. అసలు పళ్లు కింద ఇప్పుడు తయారవుతాండాయి. ఇప్పుడు నువ్వు ఏ నీళ్లు తాపితే అవే ఆ పళ్లు. తర్వాత తాపితే లాభం ల్యాదు" అంది.

ఆ రోజు నుంచి సునందకు ఒకటే పని. కట్టలు రాయదుర్గం పోయే బస్సులో ఒక ఖాళీ క్యాను కూడా వేసి, ఫిల్టరు నీళ్లు పట్టి పంపమని కండక్టరును బతిమాలేది. కొన్నిసార్లు క్యాను నిండుగా వచ్చేది. ఎక్కువసార్లు సగమే వచ్చేది. ఎండలో బస్సులో దాహమేసినవాళ్లు అడిగితే కండక్టరు కాదనలేడు కదా. క్యాను ఖాళీగా వచ్చిన రోజు పిల్లకు బోరు నీళ్లే. తాపేటప్పుడు సునంద మొహం పక్కకు తిప్పుకునేది.

ఇంతలో ఊరి మొదట్లో కొత్త బోరు వేసి ఫిల్టరు నీళ్ల ప్లాంటు కట్టారు. నీలం రంగు గది, బయటికి కొళాయిలు, లోపల మిషన్లు, పైన ట్యాంకు. కరెంటు కూడా వచ్చింది. ఇనుప గేటుకు తాళం వేశారు, తాళానికి ముందు ఎర్ర రిబ్బను కట్టారు. ఇక లేనిదల్లా శిలాఫలకం ఒక్కటే.

శిలాఫలకం లేకుండా నీళ్లెలా తాగుతారండీ? ఎవరు తాపించారో తెలియకుండా గొంతు దిగుతాయా?

ప్లాంటు కట్టిన కాంట్రాక్టరు ప్రతాప్ ఊరివాడే. రాళ్లు చెక్కే లింగప్ప చేత నల్లరాయి మీద పైన తెలుగులో, కింద ఇంగ్లిషులో చెక్కించాడు. ప్రారంభించబోయే లీడరు పేరు అందరికంటే పెద్ద అక్షరాల్లో వేయించాడు. ఇంగ్లిషులో తప్పు దొర్లితే పరువు పోతుందని, తనకు చదువు చెప్పిన నారాయణప్ప సారును పిలిపించాడు. ఆయన రిటైరైన ఇంగ్లిషు మాష్టరు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన దిద్దే ఎర్ర పెన్ను రిటైరవ్వలేదు.

సారు వచ్చినప్పుడు సునంద పిల్లను చంకనేసుకుని గేటు పక్కనే నిలబడి ఉంది. ఆమె చూపు కొళాయి మీద ఉంది. సారు కళ్లద్దాలు తుడుచుకుని, రాయి మీద వేలు పెట్టి చదువుతూ వచ్చి, 'డ్రింకింగ్ వాటర్ ప్లాంట్' దగ్గర ఆగిపోయారు.

"యాడప్పా హైఫనూ?"

"ఏం సారూ?" అన్నాడు ప్రతాప్.

"డ్రింకింగ్‌కూ వాటర్‌కూ నడుమ గీత యాడ? రెండు మాటలు జతగూడి మూడో మాట ముందర నిలబడితే నడుమ హైఫన్ పెట్టల్లని తొమ్మిదో తరగతిలో చెప్పినా గదా."

"చెప్పింటారు సారూ. ఆ పొద్దు వాన పడిందని నేను చేనుకు పోయింటి."

"వాన పడిన దినం ఒక్కటే గదా నువ్వు బడికి రానిది. ఆ పొద్దే చెప్పినా."

"పెట్టకపోతే ఏమయితాది సారూ?"

"ఏమయితాదా? మీ లీడరు పేరు యాడుండాదో చూడు. దాని కిందనే డ్రింకింగ్ అని విడిగా ఉండాది. దావన పొయ్యేటోడు చదివి ఏమనుకుంటాడు?"

ప్రతాప్ రాయి వంక చూశాడు. లీడరు పేరు, కింద డ్రింకింగ్. మెడ వెనక చెమట తుడుచుకుని, "లింగప్పా, గీత కొట్టు" అన్నాడు. లింగప్ప ఉలి తీసి గీత కొట్టాడు.

"ఇప్పుడు తెరుస్తారా బావా?" అంది సునంద మెల్లగా.

"రాయి సిద్ధమైతే లీడరు వస్తాడు సునందా. లీడరు వస్తే తెరిచేదే" అన్నాడు ప్రతాప్. ఆమె తల ఊపి, నీళ్ల కోసం పాత బోరు వైపు నడిచింది.

ఆ మరుసటి రోజు నీటి సరఫరా శాఖ నుంచి ఇంజనీరు ఆనంద్ వచ్చాడు. రాయి చూసి, హైఫన్ మీద వేలు పెట్టి, "ఇదేంది?" అన్నాడు. సారు కోరిక అని ప్రతాప్ చెప్పాడు. ఆనంద్ ఫోన్ తీసి వెతికాడు. అందరికీ తెలిసిన జంట మాటలకు హైఫన్ అక్కర్లేదని అందులో ఉంది. సారు ఇంటి నుంచి లావుపాటి పుస్తకం తెచ్చారు. పెట్టాలని అందులో ఉంది.

"సార్, మీ పుస్తకం మంచిదే. అయితే మా శాఖ బోర్డుల్లో యాడా ఈ గీత ల్యాదు" అన్నాడు ఆనంద్. "ఈడ ఒక్కచోట పెడితే, మిగతా ఊళ్లలో పెట్టినవన్నీ తప్పని మేమే ఒప్పుకున్నట్ల గదా?"

ఇంత లోతైన ఆలోచన మీకు వచ్చేదా? నాకు రాలేదు. అందుకే ఆయన ఇంజనీరు.

హైఫన్ తీసేయమన్నారు. కాగితం మీద గీత అయితే చెరిపేయొచ్చు. రాయి మీద గీతను ఎవరు చెరుపుతారు? లింగప్ప దాన్ని లప్పంతో పూడ్చి, పైన నల్ల రంగు వేశాడు. మన ఎండల సంగతి తెలిసిందే. మధ్యాహ్నానికే లప్పం బీటలు వారి రాలిపోయింది. హైఫన్ ముందుకంటే తెల్లగా బయటపడింది. నారాయణప్ప సారు దాన్ని తన గెలుపుగా తీసుకుని, ఆ సాయంత్రం ఊళ్లో రెండు చుట్లు తిరిగారు.

రెండో రాయి తెచ్చారు. గొడవే లేకుండా 'డ్రింకింగ్' అన్న మాట తీసేసి, ఒట్టి 'వాటర్ ప్లాంట్' అన్నారు. ఈసారి లీడరును ఇంకొంచెం గొప్పగా చెబుదామని పేరు పక్కన 'వెల్-నోన్ లీడర్' అని కలిపారు. దీని మీద మాత్రం సారూ ఇంజనీరూ ఒక్క మాటకు వచ్చారు. ఆ 'వెల్ నోన్' అన్నది లీడరుకు ముందు వస్తే గీత ఉండాలట. లీడరు తర్వాత వస్తే ఉండకూడదట. అంటే లీడరు వచ్చేదాకా అందరూ కలిసికట్టుగా ఉండాలి, ఆయన వచ్చి వెళ్లాక ఎవరి దారి వారిది. ఈ నియమం రాసినవాళ్లు మన ఎన్నికలను చూడకుండానే ఎలా కనిపెట్టారో!

ఇక 'న్యూలీ కన్‌స్ట్రక్టెడ్' మధ్య మాత్రం గీత పనికిరాదట. ఎందుకంటే 'లీ'తో ముగిసే మాటలు ఎవరితోనూ జత కట్టవట. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్లాంటు కట్టి అప్పటికి చాలా కాలమైంది, 'న్యూలీ' ఎవరికీ గుర్తులేదు.

అంతా సరిగ్గా చెక్కాక లీడరు పేరు దగ్గర లింగప్పకు చోటు చాలలేదు. ఆయన పేరు పెద్దది. ఇంటిపేరూ తాత పేరూ కలిపితే రాయి ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. లింగప్ప ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఉన్నంతవరకు చెక్కి, చివర ఒక హైఫన్ పెట్టి, మిగిలిన సగం కింది వరుసలో చెక్కాడు. సమాధుల మీద కూడా అతను అలాగే చేస్తాడు. ఇంతవరకు ఎవరూ లేచి అడగలేదు.

ప్రతాప్ దాన్ని చూసి అక్కడే కూర్చుండిపోయాడు. "ఏమప్పా లింగప్పా, బతికుండే మనిషిని ఇట్ల రెండు ముక్కలు చేసినావు?"

"ముక్కలు చేసినానా? గీత పెట్టి అతికిస్తినే" అన్నాడు లింగప్ప.

మూడో రాయికి ఏ తప్పూ రాలేదు. సారు సరే అన్నారు, ఇంజనీరు సరే అన్నాడు. అది ట్రాక్టరు మీద నుంచి దింపేటప్పుడు నిలువునా పగిలింది.

ఈ మూడు రాళ్ల మధ్యలో ఎండాకాలం ముదిరింది. సునంద పొద్దున్నే లేచి గేటు దాకా పోయి, రిబ్బను అలాగే ఉందో లేదో చూసి వచ్చేది. నర్సమ్మ మళ్లీ వచ్చి పిల్ల నోరు తెరిపించి చూసింది. పుస్తకంలో ఏదో రాసుకుని పోయింది. ఏం రాసిందోనని సునందకు భయమేసింది.

రాయి పగిలిన సాయంత్రమే ప్రతాప్ వాళ్లింటికి వచ్చాడు. వాకిట్లో చెన్నమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే, "దా ప్రతాపూ. చెప్పు తెగినట్లుండాదే, కుట్టించుకోకూడదా" అంది.

"చెప్పు సంగతి పోనీ చిన్నమ్మా. మూడో రాయి గూడా పాయె. ఎవురి కన్నో తగిలినట్లుండాది."

"నన్నడిగితే ఏం చెప్తా నాయనా. నాకు ఇంగ్లీషు వస్తాదా?"

"ఇంగ్లీషు ఒప్పే అయ్యింటాది. ఇది వేరే."

చెన్నమ్మ కాయలు ఒలవడం ఆపింది. "బోరులో నీళ్లు పడిన పొద్దు గంగపూజ చేసినావా?"

ప్రతాప్ తెగిన చెప్పు విడిచి పక్కన పెట్టాడు. "ల్యాదు. లీడరు వచ్చిన పొద్దు అన్నీ ఒకేసారి చేద్దామనుకుంటిమి."

"అంటే గంగమ్మను వాకిట్ల నిలబెట్టి, లీడరు వచ్చేదాకా కాచుకోమంటివి. ఆమె ఏమన్నా నీ దగ్గర కూలికి వస్తాందా?"

"తప్పే చిన్నమ్మా. నువ్వే వచ్చి చేసిపెట్టు. శుక్రవారం పొద్దున ఒకసారి విప్పి, పూజ చేసి, మళ్లీ తాళం వేస్కుంటాము. రిబ్బను మాత్రం ఎవురూ తాకగూడదు. అది లీడరుది."

నల్లబండపల్లిలో గంగపూజకు ఒక కట్టు ఉంది. పూజ చేసి విప్పిన నీళ్లకు, ఊళ్లో ఆఖరి ఇంటి బిందె నిండేదాకా తాళం వేయకూడదు. వేస్తే గంగ అలిగి కిందికి పోతుందని అక్కడి నమ్మకం. ఎవరి బిందె వాళ్ల చేత్తోనే నింపుకోవాలి. ప్రతాప్‌కు ఈ సంగతి తెలియక కాదు. ఉన్న ఊరే చిన్నది, సాయంత్రానికి అందరూ నింపుకుంటారు, చీకటి పడకముందే తాళం వేసుకోవచ్చు అనుకున్నాడు.

అతను వెళ్లాక సునంద మిషన్ మీద నుంచి లేచి వచ్చింది. అత్త పక్కన కూర్చుని తానూ కాయలు ఒలవసాగింది.

"అత్తా, ఊళ్లో ఆఖరి ఇల్లు ఎవురిది?"

"ఎవురిదేంది, ఎర్రన్నది. గుట్ట కింద."

"ఎర్రన్న మామ ఇప్పుడు యాడుండాడు?"

"గొర్రెలు తోలుకుని తుంగభద్ర కాలువల దిక్కు పాయె గదా, పెండ్లాన్ని గూడా పిల్చుకుని. ఈడ వానలు పడి గడ్డి మొలిచేదాకా రాడు. ఎందుకు..."

చెన్నమ్మ మాట సగంలో ఆగింది. నడుము ఎంతవరకు సహకరిస్తే అంతవరకు తలెత్తి కోడలి మొహం చూసింది. సునంద కాయలు ఒలుస్తూనే ఉంది. కొంగు మాత్రం నోటికి అడ్డంగా ఉంది.

"మూగదానివనుకుంటిని నిన్ను" అంది చెన్నమ్మ.

శుక్రవారం పొద్దున పసుపు, వేపాకు, టెంకాయ పట్టుకుని ఆడవాళ్లు బయలుదేరారు. ప్రతాప్ తాళం తీశాడు. రిబ్బను కత్తిరించలేదు. అందరూ దాని కింద నుంచి వంగి లోపలికి పోయారు. "నాకు వంగే పని గూడా ల్యాదు" అంటూ చెన్నమ్మ మామూలుగానే నడిచి పోయింది. కొళాయికి పసుపు పూసి, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టింది. ప్రతాప్ స్విచ్ వేశాడు. మొదటి బిందె నీళ్లు గంగమ్మవి, వాటిని గేటు ముందర పోశారు. ఆ తర్వాత మొదటి ఇంటి నుంచి వరుసగా పట్టుకున్నారు.

తన వంతు వచ్చాక సునంద ఒక గ్లాసు నింపి, పక్కకు పోయి, త్రివేణి నోటికి అందించింది. పిల్ల తాగి, గ్లాసులోకి చూసి, "అమ్మా, దీంట్లో ఏమీ ల్యాదు" అంది. రుచి గురించి చెప్పింది పాపం. ఆ పిల్లకు తెలిసిన నీళ్లలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

సాయంత్రం ప్రతాప్ తాళం తెచ్చాడు. చెన్నమ్మ గేటు పక్కనే కూర్చుని ఉంది.

"అందరివీ నిండినాయి గదా చిన్నమ్మా."

"ఎర్రన్నది నిండిందా?"

ప్రతాప్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఎర్రన్న ఊర్లో ల్యాడు గదా."

"ల్యాడు. ఇల్లు ఉండాది గదా."

"ఒక బిందె నేనే నింపి వాళ్ల గడప ముందర పెట్టొస్తా."

"వాళ్ల బిందె, వాళ్ల చెయ్యి. నీ చేత్తో నింపితే అది నీ ఇల్లయితాది. నీ ఇల్లు ఎప్పుడో నిండె."

ప్రతాప్ అక్కడి నుంచే ఎర్రన్నకు ఫోన్ చేశాడు. అటు నుంచి గొర్రెల అరుపుల మధ్య ఎర్రన్న గొంతు అందరికీ వినిపించింది.

"ఏమప్పా ప్రతాపూ, బిందె నింపేకి రమ్మంటావా? ఇన్ని గొర్రెలను ఈడ ఎవురికి అప్పజెప్పి రావల్ల? నువ్వొచ్చి మేపుతావా?"

ప్రతాప్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు, గేటు వంక చూశాడు, కొళాయికి పూసిన పసుపు వంక చూశాడు. పగిలిన మూడో రాయి గుర్తొచ్చిందో ఏమో, తాళం కూడా జేబులోనే వేసుకుని ఇంటికి పోయాడు. ఆ సాయంత్రం అతని పెళ్లాం కూడా ఇంకో బిందెతో వచ్చింది.

వారం తిరక్కముందే ఇంజనీరు ఆనంద్ వచ్చి, రిబ్బను కింద నుంచి వంగి బయటికి వస్తున్న ఆడవాళ్లను చూసి నివ్వెరపోయాడు. "ప్రారంభం కాని ప్లాంటులో నీళ్లు ఎట్ల పట్టుకుంటాండారు?"

"ప్రారంభం కాల్యాదు సార్. రిబ్బను చూడండి, అట్లే ఉండాది" అంది సునంద.

ఆయన రిబ్బను చూశాడు. నిజంగానే అలాగే ఉంది. ప్రారంభం కానిదాన్ని మూసేయమని ఆర్డరు ఎలా ఇస్తారు? ఆయన చాలాసేపు ఆలోచించి, ఒక బాటిల్ నింపుకుని, జీపెక్కాడు.

నారాయణప్ప సారు కూడా రోజూ చెంబుతో వస్తారు. "హైఫన్ ల్యాని నీళ్లు తాగుతారా సారూ?" అని చెన్నమ్మ అడిగింది. "తాగుతానమ్మా. ఒప్పుకోను గానీ తాగుతాను" అన్నారు సారు.

ఇక ఆ రాళ్ల సంగతి. కొళాయిల కింద బురద అవుతోందని రెండో రాయిని తెచ్చి పరిచారు. మొదట అక్షరాలు కిందికి పెట్టి నున్నటి వైపు పైకి వేశారు. బిందెలు సర్రున జారిపోయాయి. తిరగేసి అక్షరాల వైపు పైకి వేస్తే గట్టిగా నిలబడుతున్నాయి. నున్నటి రాయి మీద ఇంత పట్టు ఇచ్చింది ఇంగ్లిషే. లీడరు పేరు రెండు ముక్కలైన చోట, ఆ హైఫన్ మీద, బిందె అడుగు సరిగ్గా కుదురుతుంది.

వానలు పడ్డాక ఎర్రన్న గొర్రెలతో తిరిగి వచ్చాడు. ఊరంతా కొంచెం బెంగపడింది. ప్రతాప్ తాళం తుడిచి పెట్టుకున్నాడు. మరుసటి పొద్దున ఎర్రన్న పెళ్లాం చౌడేశ్వరి తన బిందె, తన చెయ్యి, రెండూ తెచ్చింది. కొళాయి విప్పింది. బిందె మూతికి జానెడు కిందకు నీళ్లు వచ్చేసరికి కట్టేసింది.

"ఇంగా పడతాది గదా చౌడేశ్వరీ" అన్నాడు ప్రతాప్.

"చంక నొప్పిగా ఉండాది అన్నా. నిండు బిందె మోసేకి కాదు. రేపు చూస్తాంలే" అంది ఆమె.

ఆ రేపు ఇంకా రాలేదు. ఆమె రోజూ వస్తుంది. రోజూ బిందె జానెడు వెలితిగానే పోతుంది. గంగపూజ కట్టును ఆ ఊరు ఒక్క నలుసంత కూడా మీరలేదు.

కొత్త రాయి మీద చర్చ మాత్రం ఇంకా నడుస్తోంది. 'డ్రింకింగ్' తీసేసిన రాళ్లు అచ్చిరాలేదని ఆ మాటను మళ్లీ తెచ్చారు, దాంతో గీత గొడవ మొదటికి వచ్చింది. సారు పుస్తకం మారలేదు, శాఖ బోర్డులు మారలేదు. కొందరు మధ్యవర్తులు సగం గీత పెడదామంటున్నారు. రాజీ కుదురుతుందేమోనని నాకు భయంగా ఉంది.

ఎందుకు భయం అంటారా? నల్లబండపల్లి నుంచి రెండు మలుపులు తిరిగితే ఇంకో ఊరుంది. అక్కడా ఇలాంటి ప్లాంటే ఉంది. అక్కడ ముందే ఒట్టి 'వాటర్ ప్లాంట్' అని చెక్కించడంతో మొదటి రాయే సరిగ్గా కుదిరింది. నారాయణప్ప సారు దిద్దారు, ఇంజనీరు ఒప్పుకున్నాడు, ఏ గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. లీడరు వచ్చి రిబ్బను కత్తిరించారు. కొళాయి తిప్పారు. గ్లాసుతో ఫోటో దిగారు. ఆయన కారు దుమ్ము సద్దుమణగకముందే గేటుకు తాళం పడింది. నడిపే మనిషిని ఇంకా వేయలేదట. తప్పు లేని ఆ శిలాఫలకం నీడలో ఇప్పుడు కుక్కలు పడుకుంటాయి. ఆ ఊరి పిల్లలు పాత బోరు నీళ్లే తాగుతున్నారు.

అందుకే చెబుతున్నాను, హైఫన్ వరం. పెద్దలు దాని గురించి కొట్లాడుకుంటూ ఉన్నంతకాలం, దాహమేసినవాళ్లు కొళాయి తిప్పుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ప్రతి ఊరికీ ఒక నారాయణప్ప సారునూ, ఒక లావుపాటి పుస్తకాన్నీ మంజూరు చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

రెండు మాటల నడుమ ఆ గీత ఎప్పుడు పెట్టాలో వాళ్లనే నిదానంగా తేల్చుకోనివ్వండి. సునందకు ఆ తొందర లేదు. పొద్దున్నే రిబ్బను కింద నుంచి వంగి బయటికి వచ్చి, బిందె దించి, గ్లాసు నింపి, కూతురిని నోరు తెరవమంటుంది. త్రివేణి నోరంతా తెరిచి నవ్వుతుంది. సునంద ఆ పళ్ల వంక కాసేపు చూస్తుంది.

గీత ఎక్కడ పెట్టకూడదో ఆమెకు తెలుసు.